సుక్కమ్మ చేతులకు చేసిన క్రీము

చేవెళ్లలో పసిపిల్ల పుట్టిందంటే ముందు చుట్టాలకు, ఆ వెంటనే సుక్కమ్మకు కబురు వెళ్లేది. నలభై ఏళ్లుగా అదే వరస. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తల్లి పక్కన వేస్తే ఆ పిల్ల మళ్లీ ఆకలయ్యేదాకా కళ్లు తెరిచేది కాదు. ఊళ్లో సగం ముక్కులు సుక్కమ్మ ఒత్తి నిలబెట్టినవే. కొందరి ముక్కులు చూస్తే ఆ రోజు ఆమెకు మనసు బాగా లేదేమో అనిపిస్తుంది, అది వేరే సంగతి.

పూర్ణిమకు సుక్కమ్మ పెద్దమ్మ, కన్నతల్లికి స్వయానా అక్క. తల్లి కూరగాయల తోటల్లో పనికి వెళితే పూర్ణిమ పగలంతా పెద్దమ్మ ఇంట్లోనే పెరిగింది. పుట్టిన నాడు ఆమెకు నీళ్లు పోసిందీ ఆ చేతులే. పెద్దయ్యాక పూర్ణిమ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. పరమేష్‌ను పెళ్లి చేసుకుని మొయినాబాద్‌లో కాపురం పెట్టింది. ఎంకపల్లి దారిలో రాజమౌళి అనే ఆయన నడిపే చిన్న క్రీముల కంపెనీలో ఉద్యోగం. ముఖానికీ చేతులకూ రాసుకునే క్రీముల్లో ఏది ఎంత వెయ్యాలో తేల్చడం ఆమె పని.

వినడానికి వంటలా ఉంటుంది, నిజానికి వంటే. ఒక గిన్నెలో నూనెలూ మైనమూ కరిగించాలి. ఇంకో గిన్నెలో నీళ్లూ గ్లిజరినూ వేడి చెయ్యాలి. రెండూ ఒకే వేడికి వచ్చాక కలిపి, చల్లారేదాకా తిప్పుతూనే ఉండాలి. తొందరపడితే రవ్వరవ్వగా అవుతుంది. మైనం ఎక్కువైతే చేతి మీద తెల్లని చారలు కట్టి, ఎంత రుద్దినా పోదు. తక్కువైతే డబ్బాలోనే నీళ్లు విడుతుంది. ఈ తిప్పలన్నీ ఒక ఎత్తు, రాజమౌళి కోరిక ఒక ఎత్తు. రాసుకున్న నిమిషంలో క్రీము లోపలికి ఇంకిపోవాలి, ఆ చేత్తోనే ఫోను పట్టుకున్నా అద్దం మీద మరక పడకూడదు.

"గండిపేట అపార్ట్‌మెంట్లోళ్లు జిడ్డు అంటే దగ్గరికి రానియ్యరమ్మా" అనేవాడాయన. "గట్ల రాస్తే గిట్ల మాయమైపోవాలె."

అట్లా మాయమయ్యే క్రీము కోసం పూర్ణిమ తంటాలు పడుతున్న రోజుల్లోనే సుక్కమ్మ కూతురు శిరీషకు నెల తప్పింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు. ఏడో నెలలో శిరీషను పుట్టింటికి తీసుకొచ్చారు. ఊరందరి పిల్లలకూ నీళ్లు పోసిన సుక్కమ్మకు సొంత కూతురి బిడ్డ ఇన్నేళ్లకు ఒళ్లోకి రాబోతోంది. ఆ సంతోషంతో పాటే ఆమెకో బెంగ పట్టుకుంది. ఏళ్ల తరబడి వేన్నీళ్లలో, సున్నిపిండిలో నానిన అరచేతులు బీటలు వారాయి. ఒట్టి చేత్తో నూలు చీర తడిమితే దారం పట్టుకుని లేచేది.

"గీ చేతులు పెడ్తే పసిపోరి ఒళ్లు గీరుకపోతది బిడ్డా" అంది పూర్ణిమతో, ఒక ఆదివారం. "ఊరోళ్ల పిల్లలకంటే నూనె ఎక్కువ వోసి ఎట్లనో నెట్టుకొచ్చిన. నా మనుమరాలికి గట్ల చెయ్యబుద్ధయితలేదు."

"మనుమరాలే అని నీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

"నాకు తెలుసు. నువ్వు మందు సంగతి చూడు."

మందు కాదు, క్రీము అని పూర్ణిమ నవ్వింది. శిరీష కాన్పు నాటికి ఆ చేతులు మెత్తబడేలా చేస్తానని మాట ఇచ్చింది. ప్రేమతోనే ఇచ్చింది. అయితే కంపెనీకి కావలసిందీ చేతి క్రీమే, దాన్ని పరీక్షించడానికి ఒక చెయ్యీ కావాలి. నలభై ఏళ్లు నూనె తప్ప ఇంకోటి ఎరగని ఆ అరచేతిని మించిన పరీక్ష మొయినాబాద్ మొత్తంలో దొరకదని పూర్ణిమ లోలోపల మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆమెకు సిగ్గేసేది.

పరమేష్ రోజూ చేవెళ్ల మార్కెట్‌కు కూరగాయల బండి తోలతాడు. డబ్బా మీద నంబరు రాసి అతని చేతికిస్తే పొద్దున్నే సుక్కమ్మ గుమ్మంలో ఇచ్చి వెళ్లేవాడు. తీర్పు ఫోన్లో వచ్చేది. ఒకటో నంబరుకు "గోడకు సున్నమేసినట్టున్నది" అంది. రెండోదానికి "వంటనూనె రాసుకున్నా గింతే, దీనికి అంత సదువెందుకు" అంది. మూడోది రాసుకుని, రవ్వ తగులుతోందని చెప్పింది. పూర్ణిమ నమ్మక మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే నిజంగానే సన్నని పలుకులున్నాయి. రాజమౌళి కూడా ఆశ్చర్యపోయి, మీ పెద్దమ్మకు జీతం ఇద్దామా అని అడిగాడు. నాలుగోదానికి సుక్కమ్మ "మంచిగనే ఉన్నది గని పైపైన్నే ఉంటున్నది, లోపలికి పోతలేదు" అంది.

దాంతో ఐదో నంబరులో పూర్ణిమ మైనం తగ్గించింది. బరువు నూనె తీసేసి తేలిక నూనె వేసింది. ప్రొపిలీన్ గ్లైకాల్ పెంచింది. అది నీళ్లలా ఉండే ద్రవం, చర్మాన్ని కాస్త వదులు చేసి వెనకాల వచ్చేవాటిని లోపలికి పోనిస్తుంది. ఈసారి క్రీము వెన్నలా వచ్చింది. తన ముంజేతి లోపలి వైపు రాసుకుని ఒక రోజంతా ఉంచి చూసింది, ఏమీ కాలేదు. ప్యాకింగ్‌లో ఉండే ఆడవాళ్లు నలుగురు రాసుకున్నారు, వాళ్లకూ ఏమీ కాలేదు. వాళ్లందరివీ ఏ గాయమూ లేని చర్మాలు. బీటలు వారిన చర్మానికి తలుపు ముందే తెరిచి ఉంటుందని పూర్ణిమ చదువుకుంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

డబ్బా అందిన నాలుగో రోజు సుక్కమ్మ ఫోన్ చేసింది.

"ఏం పెద్దమ్మా, ఎట్లున్నది?"

"వాసన మంచిగున్నది బిడ్డా. మెత్తగ గూడ ఉన్నది. గని నాకు పడ్తలేదు."

పక్కన మిక్సరు గర్రుమని తిరుగుతోంది. పూర్ణిమకు 'పట్తలేదు' అని వినపడింది. అంటే పట్టడం లేదు, ఒంట్లోకి ఇంకడం లేదు అని. సుక్కమ్మ అన్నది 'పడ్తలేదు' అని. అంటే సరిపడటం లేదు, గిట్టడం లేదు అని. వంకాయ పడనివాళ్లు, కొత్త నీళ్లు పడనివాళ్లు చేవెళ్లలో ఇంటికొకరుంటారు. పూర్ణిమ ఉగ్గుపాలతో నేర్చిన మాట అది. రెండు మాటలకూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం, ఫోన్లో అది కూడా మిగలదు. కావాలంటే నేరం మిక్సరు మీదికి నెట్టేయొచ్చు. కానీ అప్పటికి మూడు నెలలుగా పూర్ణిమకు ఇంకుతోందా లేదా అన్నది తప్ప ఇంకో ధ్యాస లేదు. చెవి ఆ జవాబు కోసమే కాచుకుని ఉంది, రాగానే పట్టేసుకుంది.

"గట్లనా! అయితే జర ఎక్కువ పెట్టు పెద్దమ్మా. వేన్నీళ్లతోని చేతులు కడుక్కొని తడి ఆరకముందే రాయి. పండుకునేటప్పుడు మీదికెళ్లి ప్లాస్టిక్ కవర్ తొడుక్కో."



"ఇంకెక్కువ పెట్టాల్నా?" అంది సుక్కమ్మ.

"అవ్. ఏం ఫికర్ జెయ్యకు, నేను చెప్తున్న గదా."

"నువ్వు చెప్తే సరే బిడ్డా."

పూర్ణిమ నోటుబుక్కులో ఐదో నంబరు ఎదురుగా ఇంగ్లీషులో, ఇంకడం చాలదు అని రాసుకుంది. పెద్దమ్మ నోట వచ్చిన మాటను వచ్చినట్టే తెలుగులో రాసుకుని ఉంటే, మళ్లీ చదువుకున్నప్పుడైనా తట్టేదేమో. అయినా నాలుగో డబ్బాకు అదే పెద్దమ్మ 'లోపలికి పోతలేదు' అంది కదా, ఇంకకపోతే ఆమె అనే మాట అది కదా, ఐదోదానికి మాట ఎందుకు మారిందని ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

ఆరో నంబరులో గ్లైకాల్ రెట్టింపు చేసి పంపింది. వారానికి మళ్లీ ఫోను, మళ్లీ అదే మాట. ఈసారి సుక్కమ్మ గొంతు కాస్త నీరసంగా ఉంది. శిరీష పనులతో అలసిపోయి ఉంటుందనుకుంది పూర్ణిమ. ఏడో నంబరులో ఇంకొంచెం పెంచింది. మూడోసారి కూడా సుక్కమ్మ "ఇది గూడ పడ్తలేదురా" అనే అంది. పూర్ణిమ రోజుకు రెండుసార్లకు బదులు నాలుగుసార్లు రాయమంది.

ఆ వారంలోనే పరమేష్ ఒక సాయంత్రం అన్నాడు. "మీ పెద్దమ్మ చేతులకు గుడ్డ చుట్టుకున్నది. డబ్బ గూడ శిరీషనే తీస్కున్నది."

"నేనే కవర్ తొడుక్కోమన్న. కవర్ల చెమట పోస్తున్నదేమో, గుడ్డ కట్టుకున్నది" అంది పూర్ణిమ. ఆ క్రీము అప్పుడు ఎంత అందంగా కుదిరిందంటే ఆమెకు వేరే ఆలోచన రాలేదు. వేలితో తీస్తే మెత్తగా లేచేది, రాస్తే చార కట్టేది కాదు, నిమిషం లోపల మాయమయ్యేది. రాజమౌళి ఒక పెద్ద దుకాణం వాళ్లకు నమూనాలు కూడా పంపేశాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు బస్సెక్కితే ముప్పావుగంట. ఆ నెలంతా పూర్ణిమ ఒక్కసారి కూడా బస్సెక్కలేదు.

ఇంకా మూడు వారాలు గడువుండగానే శిరీషకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. సుక్కమ్మ అన్నట్టే. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పూర్ణిమ సెలవు పెట్టి, పిల్లకు గౌన్లు కొనుక్కుని చేవెళ్ల వెళ్లింది.

వెళ్లేసరికి పిల్లకు నీళ్లు పోస్తున్నారు. పీట మీద కూర్చున్నది సుక్కమ్మ కాదు, నీలమ్మ. ఆ పని సుక్కమ్మ దగ్గరే నేర్చుకున్న పక్క వీధి మనిషి. సుక్కమ్మ అంత దూరాన అరుగు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం పిల్ల మీదే ఉన్నాయి.

"గట్ల గాదు నీలమ్మా. ముక్కు బొటనవేలితోని పైకి ఒత్తు. చెవుల్లకు నీళ్లు పోనియ్యకు. నూనె ఇంకేదాక నలువు, తొందరెందుకు నీకు?"

"నాకు రాదా అక్కా! నువ్వే నేర్పిస్తివి గదా" అని నీలమ్మ విసుక్కుంది.

పూర్ణిమ వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుని గుడ్డ విప్పి చూసింది. అరచేతులు ఎర్రగా కాలినట్టున్నాయి. తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. వేళ్ల సందుల్లో రసి కారుతోంది. తన డబ్బాలు రాసుకున్న మేరకే, మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీత చూశాక డాక్టరు చెప్పనక్కర్లేదు.

"నాకెందుకు చెప్పలే పెద్దమ్మా!"

సుక్కమ్మ వింతగా చూసింది. "చెప్పిన గదా బిడ్డా. పడ్తలేదు, పడ్తలేదని మూడుసార్లు చెప్పిన. నువ్వేమో ఇంకింత పెట్టుమంటివి. అగ్గివెట్టినట్టు మండుతుండె. సదువుకున్నదానివి, మందు లోపల పనిచేస్తున్నదేమో అనుకొని ఓర్చుకున్న."

అప్పుడు వినపడింది పూర్ణిమకు, నెల రోజుల కింద వినవలసిన మాట. తను ఏమని విన్నదీ, దాన్ని పట్టుకుని ఏం చేసిందీ చెప్పింది. అంతా విని సుక్కమ్మ పెద్దగా నవ్వింది.

"ఓసి నీ పాడుగాను! నేనొకటి అంటే నువ్వొకటి వింటివా?" నవ్వుతూనే గుడ్డ మళ్లీ చుట్టుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "శిరీషకు చెప్పకు. పచ్చి బాలింత, మనసు పాడు చేస్కుంటది. బట్టల సబ్బుతోని అయిందని చెప్పిన, నీ డబ్బలు దానికి మందనుకుంటున్నది. నీకేం మాట రానియ్య."

చర్మం డాక్టరు రెండు నెలలు నీళ్లూ నూనే ముట్టవద్దన్నాడట. ఈ రెండు నెలలే పసిపిల్లకు నీళ్లు పోసే రోజులు. ఎముక కుదురుకునేదీ, తల గుండ్రబడేదీ, ముక్కు నిలబడేదీ అప్పుడేనని ఊరందరికీ చెప్పిన మనిషికి అది ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

శిరీషకు చెప్పకు అన్న మాటకు పూర్ణిమ తల ఊపింది. అది రెండో తప్పు. మొదటిది చెవి చేసిన తప్పు అనుకుందాం, దీన్ని నెట్టడానికి చెవి కూడా లేదు. కంపెనీలో మాత్రం మర్నాడే రాజమౌళికి అంతా చెప్పింది. ఏడో నంబరు ఆపించింది, దుకాణానికి పంపిన నమూనాలు వెనక్కి తెప్పించింది. ఆయన మొహం మాడ్చుకుని, చివరికి పోనియ్యమన్నాడు. నోటుబుక్కులో ఐదు, ఆరు, ఏడు నంబర్లు కొట్టేసి ఇంగ్లీషులో కారణం రాసింది. కాగితం మీద నిజం చెప్పడం సులువుగానే అయిపోయింది.

చేవెళ్లలో అది అంత సులువుగా పోలేదు. బట్టల సబ్బుకు చేతులు అట్లా అవుతాయా అని వాడకట్టు ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. అంటురోగమేమోనని ఒకరన్నారు, అందరూ అవునన్నారు. పక్క ఇంట్లో కాన్పయితే సుక్కమ్మకు కబురు రాలేదు. ఎదురింటి కోడలికి కవలలు పుడితే నీలమ్మనే పిలిచారు. ఆ గుసగుసలు శిరీష చెవిన పడ్డాయి. తొమ్మిదేళ్లకు కన్న పిల్ల, ఆమెనూ తప్పుపట్టలేం. ఊయల లోపలి గదిలోకి మార్చింది. తల్లికి కంచం, గ్లాసు వేరు చేసింది. సుక్కమ్మ గడప ఇవతలే కూర్చుని మనవరాలి ఏడుపు వింటూ, అది ఆకలి ఏడుపో, కడుపునొప్పి ఏడుపో లోపలికి కేకేసి చెప్పేది. ఈ సంగతులన్నీ పరమేష్ నోట పూర్ణిమకు తెలుస్తూనే ఉన్నాయి.

ఇరవై ఒకటో రోజు పిల్లకు పేరు పెట్టారు. పూర్ణిమ కూడా వెళ్లింది. పిల్లను ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి అందిస్తుంటే సుక్కమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె అరచేయి తాకకుండా, మోచేతితో ఆ చిన్న పాదాన్ని ఒక్కసారి నిమరబోయింది.

"వద్దవ్వా" అంది శిరీష తల్లితో, అందరిలో.

సుక్కమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు పూర్ణిమ ఓర్చుకోలేకపోయింది. అది రోగం కాదని, తను చేసిన క్రీము వల్ల అయిందని, పెద్దమ్మ మూడుసార్లు చెప్పినా తనే తప్పుగా విని ఇంకా ఎక్కువ రాయించిందని, అంటుకునేది కానే కాదని అందరి ముందూ చెప్పేసింది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. శిరీష పూర్ణిమ మొహంలోకి చూస్తూ మెల్లగా అంది.

"గిన్ని రోజులు మా అవ్వను గడప దాటనియ్యలే నేను. నీకు తెల్సి గూడ చూస్కుంట ఊకున్నవ్."

పెద్దమ్మే వద్దంది అనే జవాబు పూర్ణిమ నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే. కానీ అది జవాబు కాదని ఆమెకే తెలిసి మింగేసింది.

ఊయల మళ్లీ ముందు గదిలోకి వచ్చింది. సుక్కమ్మ ఇక పగలంతా దాని పక్కనే ఉండేది. చేతులు మానడానికి మాత్రం డాక్టరు చెప్పిన రెండు నెలలు చాలక మూడో నెల కూడా నిండిపోయింది. శిరీష అత్తగారింటికి బయల్దేరే రోజు దగ్గరపడింది. రేపు ప్రయాణమనగా డాక్టరు ఇక నీళ్లు ముట్టవచ్చన్నాడు. సుక్కమ్మ ఫోన్ చేసి పూర్ణిమను రమ్మంది. నువ్వు కూడా చూద్దువు గాని రా అంది. ఆ గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు, అందుకే పూర్ణిమకు వెళ్లబుద్ధి కాలేదు. అయినా వెళ్లింది.

పొద్దున్నే పెరట్లో పీట వేశారు. నీలమ్మ కూడా చూడటానికి వచ్చి పెరటి అరుగు మీద కూర్చుంది. సుక్కమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. మనవరాలిని తెచ్చి కాళ్ల మీద పడుకోబెట్టారు. మూడు నెలల పిల్ల అప్పటికే బోర్లా పడటానికి చూస్తోంది, ముక్కు నీలమ్మ చేతి ముక్కు. సుక్కమ్మ నూనె రాసింది. చేతులు నిజంగానే మెత్తగా ఉన్నాయి, బీటలన్నీ పోయి లేత తోలు వచ్చింది. రాస్తూ రాస్తూ పిల్లతో ఏదో మాట్లాడింది, పిల్ల నవ్వింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న శిరీష కళ్లు తుడుచుకుంది.

సుక్కమ్మ చెంబు ముంచబోతూ అలవాటుగా నీళ్లలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"కాల్తున్నయి."

పూర్ణిమ వంగి చెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. కొత్త తోలు పల్చన, కొన్నాళ్లు ప్రతిదీ వేడిగానే తోస్తుందని డాక్టరు అన్న సంగతి గుర్తుకొచ్చింది. నలభై ఏళ్లు పసిపిల్లల నీళ్లకు వేడి చూసిన చేతికి ఆ వేడి తెలియడం లేదు.

"కాల్తలేవు పెద్దమ్మా. గోరువెచ్చగున్నయి. పొయ్యి, ఏం గాదు."

సుక్కమ్మ చెంబు ముంచి ఎత్తింది. ఎత్తి పూర్ణిమ మొహంలోకి చూసింది. కోపంగా కాదు, ఎటూ తోచక చూసింది. కాళ్ల మీద మనవరాలు ఉంది. మెల్లగా చెంబు దించేసి, అరుగు వైపు తిరిగింది.

"నీలమ్మా, జర గిట్ల వచ్చి చెయ్యి పెట్టి చూడరాదు."

నీలమ్మ వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టింది. "మంచిగున్నయి అక్కా, పొయ్యి" అంది.

అప్పుడు పోసింది సుక్కమ్మ.